తడి గోనెపట్ట

నువ్వు నొప్పించిన మనిషి రేపటిదాకా బతికి ఉంటుందని నీకు ఎవరు మాటిచ్చినారు? నాకైతే ఎవరూ ఇవ్వలేదు. కొనకనమిట్లలో మూడు రోజులు సువార్త కూటాలు జరిపి మార్కాపురం తిరిగొచ్చేసరికి, మా పక్కింటి పెద్దమ్మ పోయిందనీ, పొద్దున్నే మట్టి చేసినారనీ వీధి మొదట్లోనే చెప్పినారు.

పెద్దమ్మ పలకల గనిలో రాళ్లు మోసిన మనిషి. అక్షరం రాదు. నేనూ బడి మొహం చూడనివాణ్ణే. చెన్నపట్నం పోయే పలకల్లో విరిగిన ముక్కలు ఒడిలో వేసుకొచ్చి, "దిద్దుకోరా" అని ఇచ్చింది ఆమే. వాటి మీద అక్షరాలు దిద్దుకొని దేవుని వాక్యం చదవడం నేర్చినాను. నేను బోధ మొదలుపెట్టినాక ముందు వరసలో కూర్చొని వినేది. బయటికొచ్చినాక మాత్రం, "నీకు అర్థం కాని చోటే గొంతు పెంచుతావు గదరా" అనేది. అది నిజమే.

నా భార్య కూలికి పోతే మా ఐదేండ్ల పాప ఆమె దగ్గరే ఉండేది. ఆ వయసు పిల్ల తలకు ఉపమానం ఎట్ల ఎక్కుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రభువు కాపరి, మనం గొర్రెలం అని చెప్తే చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "నాయనా, మనకు బొచ్చు ఎప్పుడు కత్తిరిస్తాడు?" అని అడిగింది.

ఒక ఆదివారం ప్రార్థనింట్లో, మీ గుండెలు రాళ్లు, దేవుడు వాటిని చీలుస్తాడని గట్టిగా చెప్తా ఉన్నాను. పాప పెద్దమ్మ ఒడిలోంచి అడిగింది.

"అవ్వా, నాయన గుండె గూడా రాయేనా?"

"ఆఁ."

"పలకరాయా?"

"పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది తల్లీ. మీ నాయనది బండరాయి. ఉలి వంగిపోతుంది."

కూటమంతా నవ్వింది. నేను నవ్వలేదు. "దేవుని సన్నిధిలో నోరు మూసుకోలేకపోతే బయట కూర్చో పెద్దమ్మా" అన్నాను. ఆమె లేచి పోయింది. ఆ తరువాత ప్రతి ఆదివారం ప్రార్థనిల్లు గోడ అవతలే కూర్చొని వినేది. లోపలికి రమ్మని నేను అనలేదు.

గనిలోంచి తీసిన రాయిని ఆ రోజే చీల్చాలి. ఆరితే పొర విడదు, ముక్కలవుతుంది. అందుకని పైన తడి గోనెపట్ట కప్పి ఉంచుతారు. ఇది మా పాపకు గూడా తెలుసు.

కొనకనమిట్లకు బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం కునుకు తీస్తా ఉంటే ఎదమీద చల్లగా తగిలింది. కళ్లు తెరిస్తే పాప తడి గోనెపట్ట కప్పుతా ఉంది.

"ఏందమ్మా ఇది?"

"ఆరిపోతాది నాయనా. ఆరితే చీలదంట."

"ఎవరు చెప్పినారు? అవ్వ పంపిందా?"

"కదలొద్దు. నీళ్లు కారతాయి."

నవ్వొచ్చింది. ఆ వెంటనే లోపల ఏందో అయింది, అది ఏందో చెప్పలేను. పక్కింట్లో పెద్దమ్మ దగ్గుతా ఉంది. పోయి, మళ్లీ లోపలే కూర్చోమని పిలుద్దామని లేచినాను. కూటాల నుంచి వచ్చినాక, ఆదివారం అందరి ముందరా పిలిస్తే బాగుంటుందనుకొని మళ్లీ పడుకున్నాను.

ఇప్పుడు అంతా గజిబిజిగా ఉంది. ఆ పట్ట పెద్దమ్మ పంపిందా, పిల్ల సొంతంగా తెచ్చిందా? పంపి ఉంటే అది ఎగతాళి చేయడమా, క్షమించడమా? పొద్దు కుంకకముందే కోపం విడవమని వాక్యంలో ఉంది. ఆ మాట నేనే ఎన్ని ఊళ్లలో అరిచి చెప్పినానో. కుంకినాక ఏం చేయాలో మాత్రం ఎంత తిరగేసినా నాకు దొరకలేదు. అవ్వ నిద్రపోయిందని పాపకు చెప్పినాను. "మరి పట్ట ఆమెకు కప్పాలా, నీకా?" అని అడిగింది.

పాప దాన్ని రోజూ తడిపి, పెద్దమ్మ ఇంటి వైపున్న మా గడప మీద పరుస్తా ఉంది. ఈ పొద్దు గూడా దాని అంచుల నుంచి నీళ్లు కారతా ఉన్నాయి. అన్నా, అక్కా, ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీరు నొప్పించిన ఆ మనిషి ఇంటికి ఇప్పుడే పోండి. ఆదివారం దాకా ఆగొద్దు.