నాలుగో దొప్ప

మొన్న మా మనవరాలు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ద్రాక్షసారా తీయడం నేర్చుకోవడానికి ఆర్నెల్లు పరాయి దేశంలో ఉండి, ఈ మధ్యే మహబూబాబాద్‌లో రైలు దిగిన పిల్ల. గీతగాళ్ల ఇంట్లో పుట్టి సారా కోసం సముద్రాలు దాటాలా అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటుంది. అన్నం పెట్టి పని నేర్పిన ఆ ఇంటివాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాసిందట, మర్యాదగా కుదిరిందో లేదో చెప్పమని తెలుగులో చదివి వినిపించింది. బాగుందన్నాను గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే నేనూ పరాయి ఇలాకాలో సారా నేర్చుకున్నవాణ్నే. నేర్పినవాళ్లకు కృతజ్ఞత చెప్పుకునే వచ్చాను కూడా. ఎలా చెప్పుకున్నానో మాత్రం ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

రజాకార్ల రోజులంటే నా ఈడు వాళ్లకు వేరే వివరించక్కర్లేదు. మాది జనగామ దగ్గర పల్లె, నాయిన తాళ్లు గీసి కల్లు దించేవాడు. మా అన్న సంఘంలో చేరి దళంతో వెళ్లిపోయాడు, ఆ తర్వాత అతని కబురే లేదు. అన్న దొరక్కపోతే నన్ను కట్టి తీసుకుపోతారన్న భయంతో నాయిన నన్ను భూపాలపల్లి అడవుల మీదుగా మహదేవపూర్ దాకా నడిపించి గోదావరి దాటించాడు. అవతలి ఒడ్డు నైజాం రాజ్యం కాదు. అడవి కూపుల్లో చెట్లు కొట్టిన కాలంలో నాయినకు స్నేహం కుదిరిన ముసలి దంపతులు అక్కడ ఉండేవారు. ఊరికే కూర్చుని తినకు, వాళ్ల పని నేర్చుకో అని చెప్పి ఆయన వెనుదిరిగాడు. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురమే అయినా, తినేటప్పుడు అవ్వ గోడవారగా ఒక మనిషికి చోటు వదిలేది. తెలియక నేనొకసారి అక్కడ కూర్చోబోతే తాత నా భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపాడు. గడప దాటేటప్పుడు కూడా ఎదురుగా ఎవరో వస్తున్నట్టు ఇద్దరూ ఒక్క క్షణం ఒత్తిగిలేవారు. వారం తిరిగేసరికి నేనూ ఒత్తిగిలడం మొదలుపెట్టాను. ఎవరి కోసమని అడిగే ధైర్యం మాత్రం రాలేదు.

పని తేలికేమీ కాదు. కల్లుదేముంది, చెట్టు ఇస్తుంది, మనం దించుకుంటాం. ఇప్పసారాకు ఓపిక కావాలి. వేకువన రాలిన పూలు ఏరి, ఎండబెట్టి, కుండలో నానబోసి, అది తనంతట తాను గుసగుసలాడే దాకా ఆగాలి. ఆ తర్వాత పొయ్యి మీదికెక్కించి, మూతి మీద ఇంకో కుండ బోర్లించి, సందులన్నీ తడిమట్టితో మెత్తి, వెదురుగొట్టం గుండా బొట్టు బొట్టుగా దించాలి. మంట కాస్త ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే నీళ్లు. ఒక్కోసారి మంట సమంగా ఉన్నా బొట్టు ఉన్నట్టుండి ఆగిపోయేది. అప్పుడు అవ్వ, ఎవరో వచ్చి నిలబడ్డారు, పోనీ అనేది. నిజంగానే కాసేపటికి మళ్లీ పడేది. గీతగాడి కొడుకును, ఇలాంటివి నమ్మను అని లోలోపల బింకంగా అనుకునేవాణ్ని, అయినా పొయ్యి ముందు చోటిచ్చి పక్కకు జరిగేవాణ్ని.

పని పూర్తిగా వచ్చిందనడానికి ఆ ఇంటికొక పద్ధతి ఉంది. నేర్చుకున్నవాడు ఒక కుండ తానొక్కడే దించి, మొదట తన ఇంట్లో పోయినవాళ్లకు మనిషికొక ఆకుదొప్ప పెట్టి, పేరు పలికి పోయాలి. ఆ తర్వాతే నేర్పినవాళ్లకు రెండు చేతులా అందించాలి. వాళ్లు తాగితే కృతజ్ఞత చెల్లినట్టు, వేరే మాటలేమీ ఉండవు. ఒక్క కట్టడి మాత్రం అవ్వ పదే పదే చెప్పింది. బతికున్నవాళ్ల పేరు అక్కడ పలికితే వాళ్లిక మనవైపు రారట.

హైదరాబాద్‌లోకి మిలిటరీ వచ్చింది, రజాకార్ల పని అయిపోయిందని కబురు తెలిశాక, గోదావరి వరద తీసేదాకా ఆగి నేను ప్రయాణం కట్టాను. ఆ ఉదయం నా కుండ దించాను. నాయినను కన్న తాత, నానమ్మ, పుట్టగానే పోయిన చెల్లెలు, ముగ్గురు మా వాళ్లు. మూడు మోదుగాకు దొప్పలు కుట్టాను. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, అడవిలో ఒక్క పిట్ట కూయడం లేదు. దొప్పలు వరుసగా పెట్టి, సారా ముంత తెచ్చుకుని వంగితే అక్కడ నాలుగున్నాయి. నాలుగోదీ నా కుట్టే, నా చేతిపనే. ఎప్పుడు కుట్టానో మాత్రం జ్ఞాపకం లేదు.

తీసేద్దామని చెయ్యి చాపితే అవ్వ వద్దంది. పెట్టిన దొప్ప తీయకూడదట, దానికి పేరు చెప్పాలట. మా ఇంట్లో పోయినవాళ్లు ముగ్గురేనని గొంతు పోయేలా చెప్పాను.

"గది నువ్వు కుట్టిందే గద కొడుకా. నీ చేతికి ఎర్కున్నది, నీ నోటికే లేదు" అంది అవ్వ.

"పేరు చెప్పకుంట పోతే ఏమైతది?"

"మేం తాగం. మేం తాగకుంటే నువ్వు ఈ ఇంట్లకెల్లి పోయినట్టు గాదు. సగం మనిషి ఈన్నే ఉండిపోతడు." ఇంటి లోపలికి చెయ్యి చూపి మళ్లీ అంది. "గోడకాడ కూసునేటోడు గసొంటోడే. నీ లెక్కనే పని నేర్వనొచ్చిండు."

తాత రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. రేవులో పడవ మనిషి నా కోసం కేక వేస్తున్నాడు. ఇంటి లోపల, గోడవారగా ఎవరో కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చున్న చప్పుడు నా చెవులతో నేను విన్నాను. నాకు అమ్మ కావాలి, మా ఊరు కావాలి. నాలుగో దొప్పలో పోశాను, మా అన్న పేరు పలికాను.

తక్కిన మూడు దొప్పలూ నిండుగా అలాగే ఉన్నాయి. నాలుగోది నేను చూస్తుండగానే మెల్లగా అడుగంటింది. ఎత్తి చూస్తే కింద మట్టి పొడిగా ఉంది. అవ్వా తాతా నా చేతి సారా తాగి, పని వచ్చిందన్నట్టు తల ఊపారు. అంత మంచి మనుషులను నేను మళ్లీ చూడలేదు, వాళ్లను తలుచుకుని భయపడని రోజూ లేదు.

ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, అన్న అటువైపేమైనా కనబడ్డాడా అని. లేదన్నాను. నెల తిరక్కముందే మా మేనమామ వచ్చి, పెద్దవంగర దగ్గర జొన్నచేలో మా అన్నను కళ్లారా చూశానని, చిక్కిపోయాడు గానీ బాగానే ఉన్నాడని చెప్పాడు. ఎప్పుడని అడిగాను. నాలుగు రోజుల కిందట అన్నాడు. అమ్మ సంతోషంతో ఏడ్చింది. నేను దొడ్లోకి వెళ్లి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను, దొప్పలో పోసి అప్పటికి రెండు వారాలు దాటింది.

ఆ తర్వాత అన్నను చూసినవాళ్లు లేరు. మిలిటరీ క్యాంపులు వచ్చాయి, సంఘం పోయింది, అడవిలోంచి రావలసినవాళ్లు వచ్చారు. ప్రతి పెత్రమాసకూ పెద్దలకు పెట్టేటప్పుడు అమ్మ నా పక్కనే నిలబడి, అన్న పేరు తీయలేదు గదా అని అడిగేది. లేదమ్మా అనేవాణ్ని. నమ్మేది. అలా ముప్పై ఏళ్లు నమ్మి, ఎదురుచూస్తూనే కన్నుమూసింది.

ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది, నది దాటడానికి అరగంట పట్టదు. మనిషి పోతే దవాఖానలో కాగితం ఇస్తారు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆ రోజుల్లో మాలాంటి ఇండ్లల్లో మనిషి ఉన్నాడో పోయాడో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాల్సి వచ్చేది. అమ్మ చివరిదాకా తేల్చుకోలేదు. నేను మాత్రం ఇల్లు చేరాలన్న ఆశతో, బతికున్న అన్నను ఆ ఒడ్డున వదిలేసి వచ్చాను.