మూడు పాతవి, ఒక కొత్తది

అమలాపురంలో చెవుల డాక్టరు గారి దగ్గర నుంచి అమ్మా నేనూ ఆటోలో వస్తున్నాం. ఊరు దాటి కాలవ గట్టు ఎక్కాక అమ్మ అడిగింది.

"ఒరేయ్, మన టేపురికార్డరు ఇంకా పాడుతుందేంట్రా?"

డాక్టరు గారు చెప్పిందేమిటంటే, అమ్మకు సన్నటి శబ్దాలు ముందుగా పోతున్నాయి. పిట్టల కూతలు, కుక్కరు ఈల, మనవరాళ్ల గొంతులు. బరువైన గొంతులు ఇంకొంతకాలం వినపడతాయట. నాకు అందులో ఒక లాభం కనిపించింది, నా గొంతు గేదె గొంతు కనుక. అమ్మ ఆలోచన వేరేగా ఉంది.

"టేపురికార్డరు ఎందుకమ్మా?"

"చెవులు ఉండగానే మా అమ్మని ఓసారి వినేస్తాను."

అమ్మమ్మ గొంతు ఈ లోకంలో ఒకే ఒక్క క్యాసెట్టులో ఉంది. నాన్న పోయాక అమ్మ మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసింది. నేను మామిడికుదురు దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. అమ్మమ్మకు చదవడం, రాయడం రాదు. అందుకని అమ్మ మొదటి ఏడాదే రెండు టేపురికార్డర్లు కొని, ఒకటి తన దగ్గర ఉంచుకుని, ఇంకోటి ఊరికి వచ్చేవాళ్ల చేత పంపింది. అప్పటి నుంచి అక్కడి మాటలు క్యాసెట్టులో వచ్చేవి, ఇక్కడి మాటలు అదే క్యాసెట్టులో తిరిగి వెళ్లేవి. అలా పాత మాటల మీద కొత్త మాటలు పడి అన్నీ చెరిగిపోయాయి. అమ్మమ్మ చెప్పిన ఒక్క జవాబును మాత్రం అమ్మ చెరపబుద్ధి కాక, పెట్టెలో చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది.

టేపురికార్డరు అటక మీదే ఉంది. కరెంటు మీద పెడితే మాట కంటే హోరు ఎక్కువ. సెల్లులు వేయాలి. ఇప్పుడు సెల్లు అంటే ఫోను గాని, మా చిన్నప్పుడు సెల్లు అంటే రేకు చొక్కా తొడుక్కున్న లావుపాటి సెల్లే. దానికి అలాంటివి నాలుగు కావాలి. కిందటిసారి మామూలువి వేసి మరిచిపోయాను. అవి లోపలే కారి, తెల్లటి పొడి కట్టి, స్ప్రింగుల్ని తినేశాయి. మెకానిక్కు స్ప్రింగులు, రబ్బరు బెల్టు మార్చి ఇస్తూ, ఈసారి ఛార్జింగు సెల్లులు వేయమన్నాడు.

ఛార్జింగు సెల్లులతో నాకు పాత పరిచయమే, అంత మంచి పరిచయం కాదు. ఒకప్పుడు రిమోటులోకీ గోడ గడియారంలోకీ అని సన్న సెల్లులు, చవకలో దొరికిన ఛార్జరు తెచ్చాను. ఆ ఛార్జరుకు ఆగడం తెలియదు. నాకు ఆపడం గుర్తుండదు. మా ఇద్దరి మధ్య పడి ఆ సెల్లులు ఉడికిపోయాయి.

అందుకని ఈసారి కాస్త చదువుకుని మరీ అమలాపురం షాపుకి వెళ్లాను. షాపాయన ఒక జత తీసి గాజుబల్ల మీద నిలబెట్టాడు.

"ఇవి తీసుకోండి మేస్టారూ. ఎంత ఛార్జింగు పడుద్దో నంబరు రాసుంది చూడండి. ఇంతకంటే పెద్ద నంబరు కోనసీమలో దొరకదండి."

నంబరు పెద్దదే. చేతిలోకి తీసుకుంటే మాత్రం దూదిలా ఉంది. లావు తొడుగులో సన్న సెల్లును కూర్చోబెట్టి అమ్మేవాళ్లు ఉంటారని చదివాను. చెవి దగ్గర పెట్టి ఊపాను.

"అదేంటండీ బాబూ, కొబ్బరికాయ అనుకున్నారా?"

"మనకి తెలిసిన పరీక్ష ఇదొక్కటే కదండీ. లోపల కదులుతోంది చూడండి. ఎండి గుల్లయిన కురిడీ కాయండి ఇది."

ఆయన పకపకా నవ్వాడు. "ఆయ్, దొరికిపోయేనండి" అని లోపల్నుంచి ఇంకో రకం తెచ్చాడు. వీటి మీద నంబరు చిన్నది, చేతిలో బరువు పెద్దది. వాడకుండా పక్కన పెట్టినా నెలల తరబడి ఛార్జింగు దిగదని అట్ట మీద రాసి ఉంది. నా ఇంట్లోకి వచ్చే ఏ వస్తువుకైనా ఉండాల్సిన మొదటి గుణం అది. నాలుగు తీసుకున్నాను.

ఛార్జరు దగ్గర ఇంకొంచెం ఆలస్యమైంది. మొదటిదానిలో లావు సెల్లు పట్టనే లేదు. రెండోది రెండేసి చొప్పున జంటగా నింపుతుంది, జంటలో ఒకటి ముందే నిండినా దానికి తెలియదు. మూడోదానికి గదికో దీపం ఉంది. ఏ సెల్లు నిండితే ఆ గది దానంతట అదే ఆగిపోతుంది. నాకు చేతకాని పని అది చేస్తుంది కనుక దాన్నే ఇమ్మన్నాను.

"గంటలో నింపేసేది కూడా ఉందండి."

"వేడెక్కిపోతాయండీ. ఒక పూట ఆగగలం."

ఆయన అన్నీ సంచిలో పెడుతూ ఒక హెచ్చరిక చేశాడు. "ఒక్క మాటండి మేస్టారూ. పాతవాటితో కొత్తది కలపకండి. వేస్తే నాలుగూ ఇవే వెయ్యండి. కలిపేరంటే కొత్తది కూడా పాడైపోద్దండి."

"ఆయ్" అన్నాను. బస్సెక్కాక మాత్రం నవ్వొచ్చింది. మా అమ్మమ్మ జన్మలో నాలుగు సెల్లులు ఒకసారి కొనలేదు.

ఆవిడ ఒక్కటి కొనేది. నాలుగింటిలో బాగా నీరసించినదాన్ని తీసేసి, ఆ చోట కొత్తది వేసి, తీసినదాన్ని వడియాల పక్కన ఎండలో పెట్టేది. మా ఇంట్లో కరెంటు ఉంది గాని ప్లగ్గు లేదు, కనుక టేపురికార్డరు బతుకంతా సెల్లుల మీదే నడిచింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, అమ్మ క్యాసెట్టు పెట్టుకునేవాళ్లం. కొత్తది వచ్చేదాకా అదే క్యాసెట్టు. వారాలు గడిచేకొద్దీ అమ్మ గొంతు సాగడం మొదలయ్యేది.

"ఒరేయ్, దాని గొంతు చూడరా, ఎలా బరువెక్కిపోయిందో. ఒంట్లో బాగోలేదురా దానికి."

"అదే క్యాసెట్టు కదా అమ్మమ్మా. పోయిన వారం విన్నదే."

"క్యాసెట్టు అదేరా సన్నాసీ. గొంతు ఇవాల్టిది."

ఈ వాదనలో అప్పుడు ఆవిడే గెలిచింది. ఇంత చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పాక ఇప్పుడైనా ఆవిడే గెలుస్తుంది. ఒకసారి ఆవిడ బెంగ పెట్టుకుని పాస్టరు అయ్యగారితో చెప్పింది. సంఘమంతా మోకరించి, మస్కట్లో నిక్షేపంగా ఉన్న మా అమ్మ స్వస్థత కోసం ప్రార్థన చేసింది. నేనూ కళ్లు గట్టిగా మూసుకుని చేశాను. ఇంటికి వస్తూ అమ్మమ్మ, బిడ్డ గొంతు సరిగ్గా వినాలి కదా అని ఒక కొత్త సెల్లు కొంది. వేసి నొక్కితే అమ్మ గొంతు తేరుకుంది. పూర్తిగా కాదు, ఒక సెల్లు మందం తేరుకుంది.

"చూసేవా? లేచి కూర్చుంది నా తల్లి!"

మరుసటి ఆదివారం సంఘంలో లేచి నిలబడి, మా అమ్మాయి కోలుకుందండి, నా చెవులతో నేను విన్నానండి అని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆ సంతోషంలోనే ఇంటికొచ్చి, ఆ మూడు పాత సెల్లులతో, ఒక కొత్త సెల్లుతోనే అమ్మకు జవాబు రికార్డు చేసింది. అమ్మ దాచుకున్న క్యాసెట్టు అదే.

సరే. ఛార్జరులో నాలుగు గదుల దీపాలూ పచ్చగా మారాక, సెల్లులు వేసి, వరండాలో అమ్మ ముందు టేపురికార్డరు పెట్టాను. అమ్మ కొంగు సర్దుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నొక్కాను.

"ఏదిరా?"

"మాట్లాడుతోందమ్మా."

"ఎక్కడో పిచ్చుకలు కిచకిచమంటున్నట్టు లీలగా ఉంది. మా అమ్మేదీ?"

సౌండు పెంచాను. పిచ్చుకలు పెద్దవయ్యాయి, అంతే. అమ్మ చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగిపోయింది.

"మస్కట్లోనూ ఇలాగే ఉండేదిలేరా. మా అమ్మ పిట్టలాగ గబగబా మాట్టాడేది. నేను లేకపోయేసరికి ఎంత హుషారుగా ఉందో చూడు అని ఓ పూట అలిగేను కూడాను. అప్పుడు చెవులున్నాయి, అర్థమయ్యేది."

అప్పటికి నాకు వెలిగింది. నేను నెమ్మదిగా వెలిగే రకం. నీరసపు సెల్లుల మీద యంత్రం మెల్లగా తిరుగుతుండగా ఎక్కిన మాటలవి. మస్కట్లో ప్లగ్గు మీద పెట్టినా, ఇక్కడ నిండు సెల్లుల మీద పెట్టినా పరుగెత్తుతాయి, గొంతు సన్నబడుతుంది. నేను ఏరి ఏరి తెచ్చిన సెల్లులు అయిపోయేదాకా ఒకే జోరు మీద ఉంటాయి. అదే వాటి గొప్ప అని చదివి మరీ కొన్నాను.

అమ్మ మంచం పక్కన మూడు సెల్లుల టార్చి ఉంటుంది. వేస్తే, వెలిగిందో లేదో దగ్గరికెళ్లి చూడాలి. దాని మూడు సెల్లులూ తీశాను. టేపురికార్డరులోని కొత్తవాటిలో మూడు తీసి పక్కన పెట్టి, ఒకటి ఉంచి, ఆ మూడు చోట్లా ఇవి వేశాను. షాపాయన చెప్పింది నిజమే. ఆ ఒక్కటీ పాడైతే పాడైందనుకున్నాను. నా ఫోను తీసి రికార్డు నొక్కి టేపురికార్డరు పక్కన పెట్టాను, సెల్లు పక్కన సెల్లు.

టేపును మళ్లీ మొదటికి తిప్పి నొక్కాను. గొంతు మొదట గీరుకుంది. తర్వాత మెల్లగా దిగింది, దిగి దిగి అమ్మమ్మ దగ్గర ఆగింది.

"...నీ గొంతు బాగుపడిందే, నేను విన్నాను. అయినా మిరియాల చారు కాచుకుని తాగు. ఇక్కడ నీ కొడుకు రోజూ పుస్తకం పట్టుకుంటన్నాడు. పట్టుకుని నిద్దరోతన్నాడు..."

అమ్మ నా వైపు చూసి కిసుక్కున నవ్వింది. కళ్లు తుడుచుకోవడం తర్వాత.

కోళ్ల సంగతి, కొబ్బరి దింపులాయన రాని సంగతి, పక్కింటి ఆవిడతో తగువు. అన్నీ అయ్యాక అమ్మమ్మ గొంతు యంత్రానికి బాగా దగ్గరగా వచ్చింది.

"వినపడతందా పిల్లా?"

అడిగి, ఆగింది. జవాబు వస్తుందన్నట్టే ఆగేది ఎప్పుడూ. మస్కట్లో ఆ ఖాళీ ఇట్టే అయిపోయి, అమ్మ నోరు తెరిచేలోపే ఇంకో మాట వచ్చేసేదట. ఇప్పుడు టేపు నింపాదిగా తిరుగుతోంది.

"ఆఁ" అంది అమ్మ, ముందుకు వంగి. "వినపడతందమ్మా."