మిరప కల్లంలో నా మూడు వాదాంశాలు

పాఠకులారా, ఈ జ్ఞాపకం ముగిసేలోగా నా పరువు గుంటూరు నడిబొడ్డున, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం సమక్షంలో, చల్లని ఏసీ గాలిలో మంటగలిసిపోతుంది. ముందే హెచ్చరిస్తున్నాను గనుక తరువాత నా మీద జాలిపడవద్దు. నవ్వదలచినవారికి మాత్రం సంపూర్ణ అనుమతి ఉంది.

ఆ రోజుల్లో నేను మా కళాశాల చర్చా బృందానికి నాయకురాలిని. వాదించడానికి నాకు అంశం అక్కర్లేదు, ఎదుట మనిషి ఉంటే చాలు. క్యాంటీన్‌లో రెండోసారి అడిగే చట్నీ విద్యార్థి హక్కా, వంటవాడి దయా అన్న విషయంపై నేను చేసిన ప్రసంగానికి ఇడ్లీలు చల్లారిపోయాయి. మా అమ్మ "అన్నం తినవే" అంటే "ఏ ప్రాతిపదికన?" అని అడిగేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎంత మంచిదంటే, నన్ను చూసి ఊరే పక్కకు తప్పుకునేది.

అటువంటి నేను సెలవులకు అద్దంకి దగ్గర మా పిన్ని ఊరు వెళ్లాను. సరిగ్గా అదే సమయానికి ఎండుమిరప ఆరబోసిన మా పిన్ని కల్లం ఎవరో సినిమావాళ్ల కంటబడింది. ఎర్రటి తివాచీ పరిచినట్టున్న ఆ కల్లం మధ్య ఊరి పెద్ద తీర్పు చెప్పే దృశ్యం తీయాలట. ఊరి పెద్దగా నటించేది కేశవయ్యగారు.

కేశవయ్యగారంటే నాకు సగం గురువు, సగం దేవుడు. కుర్రతనంలో ఒంగోలు చుట్టుపక్కల పరిషత్తు నాటకాలాడి, మద్రాసు వెళ్లి సినిమాలకు మాటలు రాసి, తన మాటలను ఇతరులు నమిలి మింగేస్తుంటే సహించలేక తానే మొహానికి రంగు వేసుకున్న మనిషి. ఆయన పలికిన కోర్టు సీన్లు వినీ వినీ నేను మాట్లాడడం నేర్చుకున్నాను. కొన్నేళ్లుగా ఆయనకు వేషాలు లేవు. ఈ సినిమాతో మళ్లీ వస్తున్నారు, మాటలు కూడా ఆయనవే.

ఎర్రటి కాయల్లోంచి రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరే ఆడవాళ్ల గుంపులో నన్ను కూర్చోబెట్టిన ఘనత మా పిన్నిది.

"మా కల్లంలో మా పిల్ల లేకుండా సినిమా ఏందయ్యా?" అని ఆవిడ అసిస్టెంట్ డైరెక్టర్‌ను నిలదీసింది.

"సరేనండీ, కూర్చోమనండి. కానీ నోరు మెదపకూడదు."

"ఎంతసేపు?" అన్నాను.

"కట్ అనేదాకా."

పిన్ని నిట్టూర్చింది. "ఇది పుట్టినకాణ్ణుంచి అంతసేపు ఊరుకున్నది లేదు బాబూ. నీ అదృష్టం ఎట్టుందో!"

వెలుతురు కుదిరేదాకా ఖాళీ. కేశవయ్యగారు నన్ను పిలిచి, డైలాగు కాగితం నా చేతిలో పెట్టారు. "చదువుకున్న పిల్లలా ఉన్నావు. నేను చెబుతుంటా, తప్పితే అందించమ్మా."

ఒకటిన్నర పేజీ డైలాగు. ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. "ఇంత పొడుగు మాటలు ఈ రోజుల్లో ఎవరు వింటారని డైరెక్టరు అబ్బాయి తీసేయమన్నాడు. బతిమాలితే ఈ ఒక్క పూట ఇచ్చాడు. పొద్దు వాలేలోగా ఒక్కసారి ఏకధాటిగా చెబితే సినిమాలో ఉంటుంది. లేకపోతే కత్తెరే. ఇది పోతే నేను సినిమాలో ఉన్నా లేనట్టేనమ్మా."

ఇంత విన్న మనిషి ఎవరైనా ఏం చేయాలి? భక్తితో కాగితం పట్టుకోవాలి. నేనేం చేశాను? కాగితంలో తర్కదోషాలు వెతికాను.

"సార్, 'కల్లంలో కూర్చునే ఆడదానికి కాయ ఎరుపో తెలుపో తెలిస్తే చాలు, తీర్పు మంచిదో చెడ్డదో తెలియనక్కర్లేదు' అన్నారు. ఇది అన్యాయం కదా?"

"అన్యాయమే. నేను దుర్మార్గుణ్ణి కదమ్మా."

"దుర్మార్గుడికైనా తర్కం ఉండాలి కదండీ?"

"తర్కం ఉంటే వాడు దుర్మార్గుడెందుకవుతాడు, లెక్చరరవుతాడు."

"మరి చివర 'కాదనేవాళ్లుంటే లేచి చెప్పండి' అంటున్నారు. ఎవరైనా లేస్తే?"

ఆయన హాయిగా నవ్వారు. "సినిమాలో ఎవరూ లేవరమ్మా. ఆ ధైర్యంతోనే అడుగుతున్నా."

మొదటి టేకులో మిరప ఘాటుకు ఆయన తుమ్మారు. ఆయన్ను చూసి కెమెరామన్ తుమ్మాడు, డైరెక్టర్ "కట్" అనబోయి తుమ్మాడు. పిన్ని మాత్రం గర్వంగా "మా కాయ అట్టాంటిది" అంది. రెండో టేకులో ఆయన సగంలో మరచిపోయారు. ఎండ పలచబడింది. డైరెక్టర్ గడియారం చూసుకుని, "ఇదే ఆఖరు సార్" అన్నాడు.

మూడో టేకు. అయ్యా, ఏం చెప్పను! ఆ గొంతు పైరగాలిలా మొదలై, తుఫానులా లేచింది. తాలుకాయలు ఏరే చేతులు నిజంగానే ఆగిపోయాయి. ఒక్క అక్షరం తొణకలేదు. ఆఖరి వాక్యానికి వచ్చి, కళ్లెర్రజేసి, మా గుంపుకేసి చూసి, కెమెరా కూడా ఇటే తిరుగుతుండగా గర్జించారు: "కాదనేవాళ్లుంటే లేచి చెప్పండి!"

లేచాను.

నేను లేవలేదు, నాలోని చర్చా పోటీ లేచింది. ప్రత్యర్థి స్వయంగా ఆహ్వానించినప్పుడు కూర్చోవడం పిరికితనమని మాకు నేర్పారు మరి. చూపుడువేలు ఎత్తి, "మొదటిది: ఎరుపూ తెలుపూ విడదీసే చూపు ఉన్నవాళ్లకు న్యాయమూ అన్యాయమూ విడదీసే చూపు ఉండదా?" అన్నాను. రెండో వేలు కలిపి, "ఈ కల్లంలో చెమట మాది, తీర్పు మీదా?" అన్నాను. మూడో వేలు కూడా లేపి, "భయంతో ఊరుకోవడం అంగీకారం కాదు!" అన్నాను. కేశవయ్యగారు రెప్ప వేయకుండా అదే ఎర్రటి చూపుతో నన్ను చూస్తూ నిలబడ్డారు. పక్కనున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పొద్దు గుంకింది.

"కట్!" అని డైరెక్టర్ పెట్టిన కేకకు కల్లం మీద కాకులు లేచిపోయాయి. "ఎవరండీ ఈ అమ్మాయి? అందరూ తలొంచుకోవాల్సిన చోట లేచింది! అయిపోయింది, సీనుకు నీళ్లొదిలేయడమే!"

అప్పుడు గుర్తొచ్చింది, ఆయనకిచ్చింది ఆ ఒక్క పూటేనని. నా వేళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి, దించడానికి కూడా సిగ్గేసింది.

"ఒసే, నీ నోట్లో మిరప్పళ్లు దంచ!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. "పెద్దాయన పొట్ట కొట్టావు కదే!"

"సార్, నేను... ఆవేశంలో..." జీవితంలో మొదటిసారి నాకు వాక్యం పూర్తికాలేదు.

కేశవయ్యగారు నా భుజం తట్టి, డైరెక్టర్ దగ్గరకు వెళ్లారు. ఇద్దరూ కలిసి ఆ షాటును చిన్న తెరపై మళ్లీ మళ్లీ చూశారు. ఆయన డైరెక్టర్ చెవిలో ఏదో చెప్పారు. డైరెక్టర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. కేశవయ్యగారు తిరిగి వచ్చి, "ఈ షాటే ఉంటుందమ్మా. నా డైలాగు మొత్తం, దాని వెనకే నువ్వూ" అన్నారు.

నేనేమనుకుంటాను? గెలిచాననుకున్నాను! గుంటూరు చేరి, వెండితెర మీద అన్యాయాన్ని మూడు వాదాంశాలతో ఖండించిన వైనం కళాశాలంతా చాటాను. సినిమా విడుదలైన రోజు చర్చా బృందాన్ని, నాకు పడని వైస్ ప్రిన్సిపాల్ మేడమ్‌ను, మా పిన్నిని వెంటబెట్టుకుని థియేటర్‌కు ఊరేగింపుగా వెళ్లాను.

కల్లం సీను వచ్చింది. కేశవయ్యగారి డైలాగు అక్షరం పోకుండా ఉంది. హాలు దద్దరిల్లేలా ఈలలు. నా కళ్లు చెమర్చాయి. "లేచి చెప్పండి!" అని ఆయన గర్జించారు. తెర నిండా నేను లేచాను. కళ్లలో నిప్పులు, చూపుడువేలు ఆకాశంలోకి. నోరు తెరిచాను. ఎవరిదో పిచ్చుక గొంతు వినిపించింది:

"మాకు కూడు పెట్టింది తమరు!" రెండో వేలు లేచింది. "గుడ్డ ఇచ్చింది తమరు!" మూడో వేలు లేచింది. "నీడ చూపింది తమరు! కాదనేదానికి మేమెవరం బాబయ్యా!"

ఆ తరువాత చప్పట్లు. మా తోటి ఆడవాళ్లు కొట్టినవే.

అరవగలిగినంత అరిచి అన్యాయాన్ని సమర్థించిన ఆ అమ్మాయిని చూసి హాలంతా నవ్వింది. వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ నా వైపు వంగి, "మొదటిసారి నీ మాటలో వినయం విన్నానమ్మా" అన్నారు. పిన్ని ఈల వేసింది.

ప్రొడక్షన్ మేనేజర్ ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "సార్, నా వాదన ఏమైంది?"

"తల్లీ, షూటింగులో ఏం మాట్లాడినా తరువాత డబ్బింగులో మళ్లీ చెప్పిస్తాంగా. నీ పెదవులకూ వేళ్లకూ సరిపోయే మాటలు రాయడానికి రెండు రాత్రులు పట్టింది."

"కానీ నేను చెప్పింది న్యాయం కదండీ!"

"న్యాయమే. అందుకే ప్రమాదం. ఊరి పెద్దను సగం సినిమాలో నువ్వే ఓడించేస్తే, ఇంటర్వెల్ తరువాత హీరోయిన్ ఏం చెయ్యాలమ్మా, తాలుకాయలు ఏరాలా?"

ఫోన్ పెట్టేశాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమంటారు. సినిమావాళ్లు తీసుకోగలరు. తీసుకుని, అందులో తమ మాట పెట్టి మళ్లీ మనకే అతికించగలరు.

కనుక, చర్చా వేదికల సాక్షిగా, నా నోటి సాక్షిగా, పవిత్రంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: "కాదనేవాళ్లుంటే లేవండి" అని ఎవరు పిలిచినా, కెమెరా కనుచూపు మేరలో ఉన్నంతవరకు నేను లేవను. అంతరాత్మ ఊరుకోక లేవవలసివస్తే, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మరీ లేస్తాను.