మూతరొట్టెలావిడ బల్ల

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ బొద్దక్క అనే పిలుస్తారు. చాటున కాదు, మొహం మీదే. ఆ పేరు పెట్టినవాళ్ళు నవ్వుతూ పెట్టారు, ఆవిడా నవ్వుతూనే పుచ్చుకుంది. మూతరొట్టెలు చెయ్యడం ఆవిడ బతుకు. పెద్ద హోటళ్ళలో వాటినే ఇంగ్లీషులో 'పై' అంటారట. చిన్న గిన్నెలో కూర నింపి, మీద పిండి రేకు మూతగా పరిచి, అంచులు వేళ్ళతో నొక్కి ఓవెన్‌లో కాలుస్తుంది. మూత పొంగి ఎర్రబడుతుంది. చెంచా దింపగానే పెళుసుగా విరిగి, లోపలి ఆవిరి మొహానికి కొడుతుంది. ఆ వాసనకి బస్టాపులో నిలబడ్డవాళ్ళు వచ్చిన బస్సు వదిలేసుకున్న రోజులున్నాయి.

వేరే దుకాణాలవాళ్ళు కింద ఒక రేకు, మీద ఒక రేకు వేసి, మధ్యలో చెంచాడు కూర పెట్టి అమ్ముతారు. బొద్దక్కకి అది చూస్తే ఒళ్ళు మంట. "పిండికి పిండి తోడు, వెన్నకి వెన్న తోడు. మరి కడుపుకేం తోడు?" అంటుంది. ఆవిడ దగ్గర అడుగు రేకు ఉండదు. మూత ఒక్కటే, అదీ పల్చగా. లోపల మాత్రం బఠాణీలు, క్యారెట్, పాలకూర, పుట్టగొడుగులు, ఎముక తీసిన కోడిమాంసం కూరికూరి పెడుతుంది. పళ్ళెంలో పక్కన వేసిన పచ్చి కీరా ముక్కలు తినాల్సిందే. ఎవరైనా రెండోది అడిగితే, "అడిగేది ఆకలా, నాలికా?" అని నిలదీస్తుంది. ఆకలైతే ఇస్తుంది. నాలికైతే రేపు రమ్మంటుంది. గిరాకీని వెనక్కి పంపే దుకాణం ఆ వీధిలో అదొక్కటే.

ఇన్ని నీతులు చెప్పే మనిషి అంత లావేమిటని కొత్తవాళ్ళు గుసగుసలాడతారు. ఆ లావు ఆవిడకి తండ్రి వైపు నుంచి వచ్చింది, మధ్యాహ్నం తినే ఒక్క మూతరొట్టె నుంచి కాదు. నడిస్తే మోకాళ్ళకి మంచిదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ రోజూ సాయంత్రం నడుస్తోంది. మోకాళ్ళు కాస్త నయం, లావు మాత్రం పిసరంత కదల్లేదు. నన్నడిగితే, ఇందులో ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పనే లేదు.

ఈమధ్య కొడుకు దుకాణాన్ని కొత్తగా చేయించాడు. తెల్లటి గోడలు, వేలాడే దీపాలు, గుమ్మం మీద "ఆరోగ్యం నిండిన మూతరొట్టెలు" అని పచ్చటి బోర్డు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇన్నేళ్ళూ వీధివైపు కిటికీ దగ్గరున్న పిండి బల్లని వెనక గదిలోకి నెట్టించి, మధ్యలో చెక్క అడ్డు కట్టించాడు. ఆ గదికి కిటికీయే లేదు. పిండి వత్తుతూ వచ్చేపోయేవాళ్ళని పలకరించడం, మందుల షాపు ముసలాయనకి దగ్గు తగ్గిందా అని కేకేసి అడగడం, ఆవిడకి అదే సగం ఊపిరి.

"అక్కడ గాలాడదురా. నా బల్ల మళ్ళీ ముందు వేయించు," అంది.

కొడుకు నీళ్ళు నమిలాడు. "ఇవాళ ఫొటోలు తియ్యడానికొస్తున్నారమ్మా. పైన ఆరోగ్యమని బోర్డు. దాని కింద నువ్వుంటే..."

"ఉంటే?"

"జనం ఇంకోలా అనుకుంటారు. కొన్నాళ్ళు లోపలుండు."

మాట పూర్తిచేసే ధైర్యం వాడికి లేకపోయింది. ఆవిడకి మాత్రం పూర్తిగానే వినిపించింది. వీధి వీధంతా బొద్దక్క అన్నా ఏనాడూ నొచ్చుకోని మనిషికి గుండె కలుక్కుమంది. మూత కింద కూర తనది, బోర్డు మీద మాట తనది, ఒళ్ళు మాత్రం పనికిరాదట!

లోపలికెళ్ళి కాసేపు పిండి పిసికింది. ఏడుపొచ్చింది. మోచేత్తో తుడుచుకుంటే మొహానికి పిండంటింది. తర్వాత కోపమొచ్చింది. ఏడుపు కంటే అదే ఆవిడకి బాగా నప్పింది.

"అమ్మాయ్!" అని కోడల్ని కేకేసింది. "ఇలా వచ్చి ఆ కొస పట్టుకో."

కోడలు మొగుడివైపు చూసింది, అత్తవైపు చూసింది. "పదండత్తయ్యా," అంది.

చెక్క అడ్డు దగ్గర బల్ల ఇరుక్కుంది. బొద్దక్క నడుం ఆనించి ఒక్క తోపు తోసింది. అడ్డులో ఒక పలక ఊడొచ్చింది, దాంతోపాటు బల్లా వచ్చింది. కొడుకు ఆపబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఫొటోలాయన మెళ్ళో కెమెరాతో సరిగ్గా అప్పుడే మెట్లెక్కుతున్నాడు. ఆయన కళ్ళముందే బల్ల వెళ్ళి గుమ్మానికి ఎదురుగా అడ్డంగా నిలబడింది.

"కాస్త పరువు చూడమ్మా," అన్నాడు కొడుకు గొంతు తగ్గించి.

"నా పరువే చూసుకుంటున్నా. నన్ను చూస్తే తినబుద్ధి కానివాళ్ళు తినకుండానే పోనీ. నేను రోజూ తినేది ఇదే, ఇంతే. ఎవరికీ చాటుగా తినను." ఫొటోలాయనవైపు తిరిగింది. "తియ్యవయ్యా, ఏం చూస్తావ్?"

"సరే, తియ్యనీ. కానీ బల్ల ఇలా అడ్డంగా ఉంటే జనం లోపలికెలా వస్తారు?" అన్నాడు కొడుకు.

"పక్కకి తిరిగి వస్తారు," అంది బొద్దక్క, బల్ల మీద పొడిపిండి చల్లుతూ. "బస్సుల్లో, సినిమా హాళ్ళలో, ఆఖరికి నీ పెళ్ళి ఫొటోల్లో కూడా, ఒళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగింది నేనే. ఇవాళ వాళ్ళని తిరగనీ."