చాయ్ మానేసిన చెల్లె

కొత్తకోట బస్టాండులో నా పక్కన ఆరేడు నెలల గర్భిణి ఒకామె కూర్చుని కాఫీ తాగుతోంది.

"పొద్దటి సంది ఇది నాలుగోది అన్నా. ఆశా వర్కరక్క చాయ్ బంద్ చెయ్యమన్నది. గందుకే కాఫీకి మారిన" అంది నవ్వుతూ.

నా చదువు ఏడో తరగతితో ఆగినా, మా ఊరి గ్రంథాలయంలోని ఆరోగ్య పుస్తకాలు ఒక్కటీ వదల్లేదు. ఊరుకోలేకపోయాను.

"చాయ్‌ల ఉండే కెఫీనే కాఫీల ఇంకా ఎక్కువ ఉంటది చెల్లె. గిన్ని తాగితే బిడ్డ బరువు తగ్గుతది, కడుపు గూడ పోతది" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"పోయినేడు నాకు నాలుగో నెలల కడుపు పోయింది. అప్పుడు చాయ్ మస్తు తాగేదాన్ని. అంటే నేనే పోగొట్టుకున్ననా అన్నా?"

నేను చదివిన వాక్యం అప్పుడు సరిగ్గా గుర్తుకొచ్చింది. ఎక్కువగా తాగితే ముప్పు పెరగవచ్చు అని ఉంది అందులో. ఆ 'వచ్చు'ను తీసేసింది నేనే.

"ముప్పు పెరగవచ్చు అనే రాసిండ్రు చెల్లె, కడుపు పోతదని రాయలే. నీది ఎందుకు పోయిందో నాకు తెల్వదు. ఇప్పుడైతే తగ్గించు, ఎంత తాగొచ్చో డాక్టరమ్మను అడుగు" అన్నాను.

"గా మాట ముందుగాల చెప్పొద్దా అన్నా" అంది. వనపర్తి బస్సు రాగానే కొంగుతో కళ్లు తుడుచుకుని ఎక్కింది.

నేను మొదట అన్న మాట ఆమెతో వెళ్లిందో, తర్వాత అన్నది వెళ్లిందో ఇప్పటికీ నాకు తెలియదు.