సరంగును చంపాల్సిన ఏడాది

నవలలు రాసే మనిషి ఉన్న ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. అలా అనుకునేవాళ్ళను తీసుకొచ్చి ఓ వారం రోజులు ఆ మూడో అంతస్తు వాటాలో కూర్చోబెట్టాలి. కుక్కరు కూత ఒకవైపు, కింద దర్జీ మిషను ఒకవైపు, బాత్‌రూములో కారే కుళాయి ఒకవైపు. వీటన్నిటి మధ్యా భోజనాల బల్ల మీద ఓ మూల గిన్నెలు జరిపి ఆమె రాసుకుంటుంది. వీధిలో అందరూ ఆమెను నవలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

కరెంటాఫీసులో బిల్లులు కట్టించుకునే కౌంటరు ఆమెది. ఆ ఉద్యోగం చేసుకుంటూనే నాలుగు నవలలు రాసింది. నాలుగూ కలిపి ఒకే కథ. ఓ నది, జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే ఓ లాంచీ, దాన్ని నడిపే సరంగు. నోటి దురుసు మనిషి, ఎవరికీ లొంగడు, ఎక్కిన ప్రతివాణ్ణీ తిడతాడు, దిగేటప్పుడు మాత్రం ముసలివాళ్ళకు చెయ్యి అందిస్తాడు. నాలుగో భాగం చివర వరదలో చిక్కుకున్న పడవ కోసం లాంచీ వేసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. కథ అక్కడ ఆపేసింది. చదివినవాళ్ళు ఆమెను తిట్టుకున్నారు, అయిదోది ఎప్పుడని అడిగారు, మళ్ళీ తిట్టుకున్నారు.

అయిదోది ఆఖరిది. అందులో సరంగు శవం దొరకాలి. వాడు నీళ్ళలోనే పోతాడని రెండో భాగం రాస్తున్నప్పుడే ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ చావును కడుపులో దాచుకుని బిల్లులు కట్టించుకుంది. ఇప్పుడు ఆఫీసుకు సెలవు పెట్టి, దాన్ని కాగితం మీద దించేసి బయటపడదామనుకుంది. సెలవు అయిపోవస్తోంది గానీ సరంగు చావడం లేదు. చావనివ్వనిది నాన్న.

నాన్న బతుకంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. కూతురి నాలుగు పుస్తకాలూ అచ్చుకు వెళ్ళే ముందు ఆయన ఎర్రకలం కిందనుంచే వెళ్ళాయి. కూతురు కదా అని కనికరించింది లేదు. నాలుగోది అచ్చయ్యాక ఆయన జ్ఞాపకం జారడం మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు, తరవాత వీధి, ఆ తరవాత మనుషులు. అల్లుణ్ణి ప్రెస్సులో మిషను నడిపే కుర్రాడనుకుని, "ఇవాళ ఎన్ని ఫారాలు తీశావు?" అని అడుగుతాడు. అల్లుడు సాధువు. "ఎనిమిదండీ" అంటాడు. "ఎనిమిదేనా? నిద్రపోయావా?" అని మామగారు కోప్పడతాడు.

అందరూ పోయినా సరంగు మాత్రం ఆయన బుర్రలోంచి పోలేదు. పొద్దున్నే మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఆమె బల్ల పక్కకు వచ్చి నిలబడతాడు.

"సరంగు వచ్చాడామ్మా?"

"ఇంకా లేదు నాన్నా."

"వరద తగ్గిందిగా. ఇంకా ఏం చేస్తున్నాడు?"

"వస్తాడులే. నువ్వెళ్ళి కూచో."

వెళ్ళి కూచుంటాడు. కాసేపటికి మళ్ళీ వస్తాడు. టిఫిను ముందు ఓసారి, తిన్నాక ఓసారి, ఆమె కలం కాస్త పరుగందుకుందనగా తప్పకుండా ఓసారి. ఒకే ప్రశ్న పొద్దస్తమానం వింటే ఎంత ఓర్పు ఉన్నవాళ్ళకైనా చిర్రెత్తుకొస్తుంది. నవలమ్మకు ఓర్పు మొదటినుంచీ తక్కువే. అక్కడ కథలో గొలుసులు వేసి లాంచీని బురదలోంచి పైకి లాగుతున్నారు. ఇంజను గది తలుపు తీయాలి. లోపల వాడు ఉండాలి. సరిగ్గా అప్పుడే వీపు వెనక "వచ్చాడా?" అని వినిపిస్తుంది. ఒక మనిషి ఆశగా ఎదురుచూస్తుంటే ఆ వచ్చేవాణ్ణి ఎలా చంపుతారు ఎవరైనా? కాగితం నలిపి బుట్టలో వేస్తుంది. కొత్తది తీస్తుంది. అదీ బుట్టలోకే పోతుంది.

ఒకరోజు పట్టలేకపోయింది. "రాడు నాన్నా. ఇంక రాడు. నన్ను కాసేపు వదిలెయ్" అని అరిచేసింది. ఆయన మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంట తరవాత లేచి, తువ్వాలు సర్దుకుని, నవ్వుమొహంతో వచ్చి, "సరంగు వచ్చాడామ్మా?" అన్నాడు. అరుపు ఆయన మరిచిపోయాడు, ఆమె మాత్రం రోజంతా మోసింది.

"పోనీ, బతికించెయ్యరాదూ? నీ చేతిలో పనేగా" అన్నాడు భర్త. ఆయనకు మందుల కొట్టు ఉంది.

"మీ కొట్లో అడిగిన మందు లేకపోతే ఇంకోటేదో చేతిలో పెట్టి పంపిస్తారా?"

"ఒక్కోసారి పంపిస్తాం" అన్నాడాయన నిజాయితీగా.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇంట్లో తను రాసేది రాత అనీ, అందులో జరగాల్సింది జరిగి తీరాలనీ అర్థమయ్యేవాళ్ళు ఒక్కరూ లేరు. అర్థమయ్యే ఒక్క మనిషికి మతి లేదు.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం పోలీసు స్టేషను నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, మీ అన్నయ్య తప్పిపోయాడని మీ నాన్నగారు ఫిర్యాదు ఇవ్వడానికొచ్చారు. మీరోసారి రండి."

ఆమెకు అన్నయ్య లేడు. ఏ కాలికి ఏ చెప్పు వేసుకుందో చూసుకోకుండా పరిగెత్తింది. స్టేషన్లో నాన్న బల్లకు ఎదురుగా దర్జాగా కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. కానిస్టేబులు అప్పటికే సగం రాసేశాడు.

"వివరాలు భలే చెప్పారండీ పెద్దాయన" అన్నాడు మెచ్చుకోలుగా. "ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుందట. కోపమొస్తే ముక్కు గోక్కుంటాడట. ఇలా చెప్పేవాళ్ళు మాకు దొరకరు. ఇంతకీ మీ అన్నయ్య ఎప్పట్నుంచి కనబడ్డంలేదు?"

"ఆయన మా అన్నయ్య కాదండీ."

"మరెవరు?"

ఏమని చెబుతుంది? నేను పుట్టించినవాడు, నేనే చంపబోతున్నానని పోలీసులతో చెబుతుందా? నాన్నకు ఒంట్లో బాగుండదని చెప్పి, రెండు చేతులూ జోడించి, ఆయన్ని నడిపించుకొచ్చింది. దారి పొడుగునా ఆయన పోలీసుల నిర్లక్ష్యం గురించి మాట్లాడాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏదీ పూర్తిగా రాలేదు.

ఈ సంగతి విన్న ప్రచురణకర్త ఫోన్లో పడీపడీ నవ్వాడు. "చంపకండి మేడమ్. ఆరో భాగం, ఏడో భాగం రాద్దాం. వాడు బంగారు బాతు" అన్నాడు.

"ఇదే ఆఖరిది" అంది ఆమె.

"సరే, మీ ఇష్టం. శుక్రవారం మధ్యాహ్నం నేనే వచ్చి తీసుకెళ్తాను. ఆ రోజు దాటితే ప్రెస్సువాళ్ళు ఇంకో పని ఎక్కించేస్తారు. మళ్ళీ ఎప్పటికి దొరుకుతారో నాకే తెలీదు."

భర్తకు జాలేసింది. మామగారిని పొద్దుటిపూట కొట్టుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ ఆయన సీసాల మీది చీటీల్లో తప్పులు దిద్దుతూ సంతోషంగా గడిపాడు. ఆ నాలుగు పూటల్లో ఇంట్లో నవలమ్మ సరంగును చంపేసింది. ఇంజను గది తలుపు తీయించింది, శవాన్ని ఒడ్డుకు చేర్పించింది, లాంచీకి తాడు కట్టించి కథ ముగించింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. పన్ను పీకించుకున్నాక నాలుక మాటిమాటికీ ఆ ఖాళీలోకి వెళ్తుందే, అలా ఉంది ఆమెకు.

కానీ పుస్తకం అయిపోయినా ప్రశ్న అయిపోలేదు. నాన్న కొట్టునుంచి వచ్చీ రాగానే మళ్ళీ అడిగాడు. అప్పుడామెకు ఓ ఉపాయం తట్టింది. ఆఖరి అధ్యాయం ఇంకొకటి రాసింది, ఒక్క నాన్న కోసం. అందులో సరంగు మునిగిపోతున్న లాంచీ మీదనుంచి దూకి, ఈదుకుంటూ నది మధ్య ఓ లంకకు చేరి, వరద తగ్గాక వచ్చేస్తాడు. వచ్చీ రాగానే అందర్నీ తిడతాడు. నాన్న కోసమేనని తనకు తాను చెప్పుకుంది గానీ, అసలు ఆ ప్రశ్న తప్పితే చాలని రాసింది.

శుక్రవారం పొద్దున్న ఆ కాగితాలు ఆయన ముందు పెట్టి, ఎర్రకలం చేతికిచ్చింది. "సరంగు వచ్చేశాడు నాన్నా. చదువు" అంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. స్కేలు తెమ్మని, దాన్ని వాక్యం కింద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. వేలు వణుకుతోంది గానీ స్కేలు వణకడం లేదు. ఆమె పక్కనే నిలబడింది. ఇక ఆయన నవ్వుతాడు, హమ్మయ్య అంటాడు, బతుకు కాస్త తేలికవుతుంది అనుకుంది. మూడో కాగితం దగ్గర స్కేలు ఆగింది. ఆయన కలం మూత తీసి, పేరా మొత్తానికీ అడ్డంగా గీత గీసి, పక్కన తీసెయ్యమని వేసే చుట్ట గుర్తు వేశాడు.

"వాడికి ఈత రాదమ్మా."

సరంగుకు ఈత రాదు. మొదటి భాగంలో తనే రాసింది. నది మీద బతికేవాడికి ఈత రాకపోవడం, అది ఎవరికీ తెలియకుండా దాచుకోవడం, కథంతా దాని మీదే నడిచింది. నాన్నను ఊరుకోబెట్టే తొందరలో తన సరంగును తనే మరిచిపోయింది.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడాయన. "నువ్వు కాదు. అసలు కాపీ ఏది?"

సిగ్గేసింది. ఆఖరి అధ్యాయం అసలు కాపీ తెచ్చి ఇచ్చింది. ఆయన చదువుతున్నంతసేపూ గిన్నెలు కడుగుతున్నట్టు నటించింది. ఇంజను గది తలుపు తెరిచిన చోట ఆయన చాలాసేపు ఆగాడు. కళ్ళజోడు తీసి, తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. సొంత మనిషి పోయినట్టు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఆయన వీపు నిమిరింది. ఎర్రకలం ఎక్కడా పడలేదు. ఆఖరి కాగితం దాకా వెళ్ళి, దాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

"తరవాతిది ఏది?"

"అంతే నాన్నా. అయిపోయింది."

"వాళ్ళమ్మకి ఎవరు చెప్పారు?"

రేవులో టిక్కెట్లు చింపే ముసలామె సరంగు తల్లి. నాలుగు భాగాల్లోనూ రేవు గట్టు మీదే కూర్చుని ఉంది. అయిదో భాగంలో ఊరంతా వచ్చింది, లాంచీ వచ్చింది, శవం వచ్చింది. ఆమె దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళాలని నవలమ్మకు తోచనేలేదు.

"ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే నాన్నా" అంది, కోపం ఆపుకోలేక. మధ్యాహ్నం ప్రచురణకర్త వస్తాడు. ఇప్పుడా ఈ ప్రశ్న?

"ఎవరు?" అన్నాడాయన. "పాపం, అక్కడే కూచుని చూస్తూంటుంది."

కింద కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్లు వినిపించాయి. నవలమ్మ భోజనానికి వచ్చిన భర్తను పిలిచి, "ఇవాళ ఇవ్వలేనని చెప్పండి" అంది. "ప్రెస్సు పోతే?" అన్నాడాయన. "పోనీండి" అంది. తలుపు దగ్గర ఇద్దరు మగవాళ్ళూ గుసగుసలాడుకుంటూంటే, ఆమె తెల్లకాగితం తీసి నాన్న ఎదురుగా కూర్చుంది. మొదటి మాటే దొరకలేదు. కన్నతల్లితో ఆ మాట ఎలా అంటారో, అన్ని పుస్తకాలు రాసిన మనిషికి తెలియలేదు.

"నువ్వైతే ఎలా చెప్తావు నాన్నా?"

ఆయన ఆలోచించాడు. "భోజనమయ్యాక చెప్పాలి. నిలబడి చెప్పకూడదు. పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి."

ఆమె రాసుకుంటూ అడిగింది. "పెద్దావిడ కదా. కాసేపటికి మరిచిపోయి, మా అబ్బాయి వచ్చాడా అని మళ్ళీ అడిగితే?"

"అడిగితే మళ్ళీ చెప్పాలి" అన్నాడు నాన్న. "విసుక్కోకూడదమ్మా. ఆవిడకి ప్రతిసారీ అదే మొదటిసారి."

ఆమె కలం ఆగింది. తలెత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయింది. కళ్ళు తుడుచుకోకుండానే, ఆ మాట ఆయన చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టింది.