కిందికి జరిపిన లైటు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కంప్యూటర్ గ్రాఫిక్స్ చెప్పే ఇన్‌స్టిట్యూట్ క్లాసులను ఆన్‌లైన్‌కు మార్చాక, స్టూడెంట్లు పావుగంటకే ఒక్కొక్కరుగా జారుకునేవారు. "చివరిదాకా కూర్చోబెట్టండి మేడమ్, లేకపోతే బ్యాచ్ ఇంకొకరికి ఇచ్చేయాల్సొస్తుంది" అన్నాడు ఓనరు. వనస్థలిపురంలో మా పడగ్గదిలో, ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కెమెరాలు ఆపేసిన స్టూడెంట్ల నల్లటి గళ్లకు పాఠం చెప్పేదాన్ని. గోడకు చెప్పుకున్నా అంతకంటే నయం.

ఒకరోజు విసుగొచ్చి ఒకడి హోంవర్కును అందరి ముందూ ఏకిపారేశాను. నవ్వులే నవ్వులు. ఒక్కరూ కదల్లేదు. ఇక రోజూ ఆఖరి పది నిమిషాలు ఎవరో ఒకరి బొమ్మకు పోస్ట్‌మార్టం చేసేదాన్ని. నా నాలుకకు పదునెక్కువని మా అత్తగారు చిన్నబుచ్చుకునేది. అదే నాకు కూడు పెడుతుందని ఆవిడ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఎక్కువగా నా నోట పడింది ఒకాయన. నలభై దాటాడు, నల్లగొండ వైపు మనిషి, ఎల్‌బీ నగర్‌లో ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాడు. త్రీడీ బొమ్మలు చెయ్యడం రాకపోతే షాపులో ఉంచరని చేరాడు. ఆయన కుర్చీ చేస్తే గేదె అన్నాను, చెయ్యి చేస్తే అల్లంకొమ్ము అన్నాను. "నిజమే మేడమ్, మళ్ల చేస్త" అంటూ అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఒక సాయంత్రం ఆయన ఓ ముసలావిడ ముఖం చేసి పంపాడు. తెరిచి, దగ్గరికి జరిపి చూశాను. కనురెప్పల బరువు, పెదవి పక్క ముడత, అన్నీ కుదిరాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ మెచ్చుకుంటే కూర్చునేదెవరు? అప్పటికే ఇద్దరు వెళ్లిపోయారు. మౌస్ పట్టుకుని, తెర మీద బొమ్మకు వెలుగిచ్చేలా పైనున్న లైటును గడ్డం కిందికి జరిపాను. అలా పెడితే ఎవరి ముఖమైనా దెయ్యమే.

"శ్మశానం నుంచి సరాసరి మన క్లాసుకే వచ్చిందండీ" అన్నాను. తెర నిండా నవ్వు బొమ్మలు ఎగిరాయి.

ఆయన మైకు ఆన్ చేశాడు. ఈసారి నవ్వలేదు.

"గామె మా అమ్మ, మేడమ్. పోయిన నెలనే సచ్చిపోయింది. మంచి ఫొటో ఒక్కటి లేదు, ఆధార్ కార్డు సూసుకుంట చేసిన. జర గా లైటు మళ్ల పైకి పెట్టుండ్రి."

పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగాలని తెలుసు, మాట నోటిదాకా వచ్చింది. కానీ అంతకంటే ముందు నా కళ్లు తెర మూలన, క్లాసులో ఎందరున్నారో చూపే అంకె మీదికి వెళ్లాయి. ఎవరో కబురు పెట్టినట్టున్నారు, వెళ్లిపోయిన ఇద్దరూ తిరిగొచ్చారు.